డాబా మీద నీడ



పోయిన ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున్నే సత్తెనపల్లి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్ నాయనా, డాబా మీద సోలారు పలకలు చెడిపోయినట్టున్నాయిరా. ఎండాకాలంలో రోజుకి 13, 14 యూనిట్లు ఇచ్చాయి. ఇప్పుడు 8 దాటడం లేదు. మబ్బుల వల్లేమో అనుకుందామంటే ఆకాశం అద్దంలా ఉంది. బిగించినవాళ్ళని అడిగితే ఒకటో రెండో పలకలు మార్చాల్సి వస్తుందేమో అంటున్నారు. నువ్వొచ్చి ఒకసారి చూసి పో" అంది.

పలకలు మార్చాలన్న మాట వినగానే నాకు నమ్మకం కుదరలేదు. పాలిటెక్నిక్ విద్యార్థులకు పాతికేళ్ళుగా ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్యకాలంలో చుట్టాలవీ, స్నేహితులవీ, నా దగ్గర చదువుకున్న పిల్లలవీ చాలా డాబాలు ఎక్కి చూశాను. కరెంటు సరిగ్గా రావడం లేదన్న ఇళ్ళలో నిజంగా సోలారు పలకే పాడైన ఇల్లు చాలా అరుదు. పలక గట్టి మనిషి. కదిలే భాగం ఒక్కటి కూడా లేదు దాన్లో. తయారు చేసినవాళ్ళు 25 ఏళ్ళకి హామీ ఇస్తారు. తప్పు సాధారణంగా దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది. దాని నెత్తిన పడే నీడలో, దాని ఒంటిమీది దుమ్ములో, దాని నుంచి కిందికి దిగే తీగలో, కొన్నిసార్లు మన లెక్కలో.

ఆదివారం వెళ్ళాను. పిన్ని ఇంటి మీద 540 వాట్లవి ఆరు పలకలు, వరసగా, దక్షిణం వైపుకి వాల్చి బిగించారు. పని శుభ్రంగా ఉంది. పలకలకి దక్షిణంగా ఐదడుగుల దూరంలో దిమ్మె మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. దాన్ని చూడగానే సంగతి కొంత అర్థమైంది, కానీ ఊహతో తేల్చకూడదు కదా. పిన్ని మనవరాలి దగ్గర సుద్దముక్క అడిగి తీసుకున్నాను. తొమ్మిదింటికి మొదలుపెట్టి మూడింటి దాకా గంటకోసారి ట్యాంకు నీడ అంచు వెంబడి డాబా మీద గీత గీస్తూ వచ్చాను. పొద్దున పడమటి చివర రెండు పలకల అడుగు భాగాన పడింది నీడ. మధ్యాహ్నానికి నడిమి రెంటి మీదికి జరిగింది. మూడింటికి తూర్పు చివరికి చేరింది. ఒక్కో పలక మీద పడింది జానెడు, మూరెడు నీడే. కానీ రోజంతా ఏవో రెండు పలకల పాదాల మీద ఆ నీడ ఉంటూనే ఉంది.

"మరి జ్యేష్ఠంలో బిగించినప్పుడు లేదు కదరా ఈ నీడ?" అంది పిన్ని. నిజమే, లేదు. మన ప్రాంతంలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. హైదరాబాదులో అయితే మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకి నీడే పడదు. ఆ రోజుల్లో డాబా ఎక్కి చూసేవాళ్ళకి ట్యాంకు వల్ల ఏ ఇబ్బందీ కనపడదు. దక్షిణాయనం సాగేకొద్దీ సూర్యుడు దక్షిణానికి దిగుతాడు, నీడలు ఉత్తరానికి సాగుతాయి. డిసెంబరు చివరి వారానికి అవి బాగా పొడవవుతాయి. మన ఇళ్ళల్లో సంక్రాంతి దాకా లెక్కపెట్టే దక్షిణాయనమే పిన్ని పలకల మీద నీడై కూర్చుంది. అందుకే ఎవరైనా సోలారు పెట్టించుకుంటామంటే నేను మొదట చెప్పేది ఒక్కటే: చోటు చూడటానికి ధనుర్మాసంలో పిలవండి. అప్పుడు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పడని చోటు సాధారణంగా ఏడాది పొడుగునా మంచి చోటే.

జానెడు నీడకి మూడో వంతు కరెంటు ఎలా పోతుందని మీకు అనుమానం రావచ్చు. పలక మీద పడ్డ నీడకి తగ్గట్టే నష్టం ఉండదా అని. ఉండదు. ఇల్లు స్లాబు పోసేటప్పుడు చూసే ఉంటారు. కింద నుంచి పైదాకా కూలీలు వరసగా నిలబడి సిమెంటు తట్టలు చేతికి చేయి అందించుకుంటారు. వరసలో ఒక్క మనిషి నీరసపడితే చాలు, మిగతా ఇరవైమంది ఎంత చురుకైనవాళ్ళయినా తట్టలు ఆ ఒక్క మనిషి వేగంతోనే పైకి వెళ్తాయి. పలకలోని గళ్ళు అలా వరసగా చేతులు కలిపి ఉంటాయి. ఒక్కో గడి సుమారు అర వోల్టు ఇస్తుంది. ఒక గడికి నీడ తగిలితే దాని గుండా పారాల్సిన కరెంటు పడిపోతుంది, దాంతో వరస మొత్తం కుంటుపడుతుంది. ఇలా జరగకుండా పలక వెనక డబ్బాలో సాధారణంగా మూడు డయోడ్లు పెడతారు. నీరసపడిన కూలీని పక్కకి తప్పించి అటూ ఇటూ ఉన్నవాళ్ళు చేయి చాచి తట్ట అందుకున్నట్టు, కరెంటు ఆ డయోడు మీదుగా నీడపడ్డ భాగాన్ని దాటుకుని పోతుంది. కానీ నిలువుగా నిలబెట్టిన పలకకి అడుగున అడ్డంగా నీడ పడితే మూడు భాగాలకీ తగులుతుంది. అప్పుడు ఆ పలక దాదాపు లేనట్టే. ఆరింటిలో రెండు లేనట్టయితే పోయేది మూడో వంతు. ఆ కాలానికి 12 రావాల్సిన చోట 8 ఎందుకు వస్తున్నాయో పిన్నికి అక్కడే లెక్క తేలింది.

ట్యాంకుని డాబా ఉత్తరపు మూలకి మార్పించాం. పైపు పనికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం ఇన్వర్టర్ మీద 12 యూనిట్లు చూపించింది. ఒక్క పలక కూడా మార్చలేదు.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక, మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల రాయితీ దొరుకుతుండటంతో, మన ఊళ్ళల్లో డాబాల మీద పలకలు బాగా పెరిగాయి. మంచిదే. కానీ పెట్టించుకున్నవాళ్ళకి రోజుకి ఎంత రావాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఏడాది మీద సగటు తీస్తే కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్లు అనుకోండి. మూడు కిలోవాట్లకి 12. ముసురు పట్టిన శ్రావణంలో మూడో నాలుగో యూనిట్లు వచ్చిన రోజులుంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు. అలాగే మూడు కిలోవాట్ల పలకలు పెట్టినంత మాత్రాన మధ్యాహ్నం ఇన్వర్టర్ మీద మూడు వేల వాట్లు కనపడవు. పలక వెనక రాసిన అంకె, పలక వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు తీసిన కొలత. మన దగ్గర ఎండలో ఉన్న పలక 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? తేట ఆకాశం ఉన్న మధ్యాహ్నం, రాసిన అంకెలో 75, 80 శాతం వస్తే పలకలు ఆరోగ్యంగా ఉన్నట్టే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే కరెంటు దండిగా రావాలని చాలామంది అనుకుంటారు. రెంటచింతలలో ఉండే నా విద్యార్థి ఒకడు మే నెలలో అదే అడిగాడు: "మాస్టారూ, ఎండ ఇంతుంది, ఫిబ్రవరి కంటే యూనిట్లు తగ్గాయేమిటి?" పలకకి కావలసింది వెలుతురు. వేడి దానికి పడదు. 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున దాని శక్తి తగ్గుతుంది. గాలి 45 డిగ్రీలున్న రోజున పలక 65 దాటుతుంది. 40 డిగ్రీల ఎక్కువకి 14 శాతం అక్కడే పోయింది. ఇందులో మనం చేయగలిగింది ఒకటుంది. పలక కింద గాలి ఆడాలి. రేకు మీద అంటించినట్టు పరిచిన పలకలు పెనం మీద అట్టులా మాడతాయి. కనీసం జానెడు ఖాళీ ఉంచి బిగించమని అడగండి.

తప్పు ఎక్కడుందో పలకే చెబుతుంది, దానికి ఇన్వర్టర్ తెర గానీ, ఫోన్లో వచ్చే రోజువారీ గీత గానీ చూడటం అలవాటు చేసుకోవాలి. మబ్బు లేని రోజున ఆ గీత పొద్దున నేల నుంచి లేచి మధ్యాహ్నం శిఖరం చేరి సాయంత్రానికి మళ్ళీ నేలకి దిగాలి, బోర్లించిన బాణలిలా. ప్రతిరోజూ అదే వేళకి గీతకి గండి పడుతుంటే అది నీడ. గీత ఆకారం చక్కగానే ఉండి మొత్తం మీద ఎత్తు తగ్గితే దుమ్ము పట్టినట్టు, లేదా పలకల వరసలు రెండుంటే ఒక వరస తెగిపోయినట్టు. రెండు వరసల వోల్టేజీలు తెర మీద విడివిడిగా కనపడతాయి, ఒకటి సున్నా ఉంటే ఇక వెతకనక్కర్లేదు. మధ్యాహ్నం వేళ గీత ఉన్నట్టుండి సున్నాకి పడి, కొన్ని నిమిషాల తరవాత లేచి, మళ్ళీ పడుతుంటే తప్పు మీ డాబా మీద లేదు. అది చాలాసార్లు వీధి లైనులో ఉంటుంది.

ఈ చివరిదాన్ని పల్లెల్లో ఎక్కువగా చూస్తున్నాను. మధ్యాహ్నం ఊళ్ళో వాడకం తక్కువ. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పదిళ్ళ సోలారు కరెంటు లైనులోకి తోస్తుంటే వోల్టేజీ 230 నుంచి 250 దాటి పైకి పోతుంది. హద్దు మీరగానే ఇన్వర్టర్ తనంతట తాను విడిపోతుంది. దానిలో లోపం లేదు, అది చేయాల్సిన పనే చేస్తోంది. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వేసిన తీగ సన్నగా ఉన్నా ఇదే జరుగుతుంది. ముందు అది చూపించుకోండి. తీగ సరిగ్గా ఉంటే వారం రోజులు మధ్యాహ్నం పూట వోల్టేజీ ఎంతుందో, ఏ వేళకి ఆగిపోయిందో కాగితం మీద రాసి కరెంటాఫీసులో ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకీ, అంకెలతో రాసిచ్చిన దానికీ చాలా తేడా ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు సోలారు కూడా ఆగిపోతోందని కొందరు ఫోన్ చేస్తారు. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపిన సోలారు అలా ఆగిపోవాలి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది.

బిల్లు చూసి బెంగపడేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. "నెలంతా కలిపి 190 యూనిట్లేనా?" అంటారు. అది మీరు లైనులోకి పంపిన లెక్క. పగలు మీ ఇంట్లో తిరిగిన ఫ్యాను, ఫ్రిజ్, మోటారు తిన్నది అందులో ఉండదు. పలకలు మొత్తం ఎంత ఇచ్చాయో ఇన్వర్టర్ తెర మీద గానీ, విడిగా పెట్టిన ఉత్పత్తి మీటరులో గానీ చూడాలి. పగలంతా ఇంట్లో ఏసీ నడుస్తుంటే పంపిన లెక్క తగ్గక ఏమవుతుంది?

ఇక దుమ్ము. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీలున్న చోట, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల పక్కన, రాత్రి మంచు తడికి పలకల మీది పొడి పూతలా గట్టిపడుతుంది. మామూలు దుమ్ము కంటే పక్షుల రెట్టలు ప్రమాదం. చిక్కటి రెట్ట ఒక గడిని పూర్తిగా కప్పేస్తే అది నీడ చేసే పనే చేస్తుంది, పైగా ఆ గడి విపరీతంగా వేడెక్కి మాడిపోవచ్చు. కడగటం తెల్లవారుజామునే, పలక చల్లగా ఉన్నప్పుడే. ఎండలో కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే అద్దం పగలొచ్చు. మెత్తటి గుడ్డ చాలు, పీచు వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఒక ఇంట్లో వారం వారం శ్రద్ధగా కడిగేవాళ్ళు, అయినా కరెంటు తగ్గుతూ వచ్చింది. వెళ్ళి చూస్తే పలకల నిండా తెల్లటి చారలు. ఉప్పు బోరు నీళ్ళు ఆరిపోయి, గీజరు కాయిల్‌కి పట్టినట్టు, అద్దానికి పొర కట్టింది. మంచినీళ్ళు లేదా పట్టి ఉంచిన వాననీళ్ళు వాడండి. తప్పక బోరు నీళ్ళే వాడితే ఆరకముందే తుడిచేయండి. పలక మీద కాలు మాత్రం పెట్టకండి. పైకి కనపడని పగుళ్ళు లోపల పడతాయి.

ఇక డాబా దిగి పొలానికి వెళ్దాం. మాఘ ఫాల్గుణాల్లో పల్నాట మిరప కల్లాల దగ్గర రాత్రి కాపలాకి దీపం కావాలి. నూరు వాట్ల పలక ఒకటి, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి, మధ్యలో చిన్న కంట్రోలర్. నా స్నేహితుడి కల్లంలో రాత్రి పదింటికల్లా దీపం ఆరిపోతోందన్నారు. బ్యాటరీ కొత్తది. పలక ఎండలో పెట్టారు, గుడిసె దూరంగా ఉంది, మధ్య పదిహేను మీటర్ల తీగ. ఇంట్లో లైట్లకి వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ. మీటరు పెట్టి చూశాం. పలక దగ్గర 15 వోల్టుల పైన ఉంది, గుడిసెలో 13.3. దాదాపు రెండు వోల్టులు దారిలోనే ఆవిరి. రానూ పోనూ ముప్పై మీటర్ల ఆ తీగలో ఐదు ఆంపియర్లు పారితే అంత పోవాల్సిందే. ఇంట్లో 230 వోల్టులకి రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు. పన్నెండు వోల్టుల సరంజామాలో అది ప్రాణం మీదికి వస్తుంది. ఆ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14.4 దాకా అందాలి. 13.3 దాటాక పారే కరెంటు తగ్గుతూ పోయి, అది నిండేలోగా పొద్దు గుంకుతోంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మార్చాం, మర్నాడు రాత్రి తెల్లవార్లూ దీపం వెలిగింది.

చిన్న సరంజామాలో ఇంకో పొరపాటు తరచూ చూస్తున్నాను. ఇంటి మీదికి తెచ్చిన 540 వాట్ల పెద్ద పలకని తీసుకుపోయి, చవక రకం కంట్రోలర్ ద్వారా పన్నెండు వోల్టుల బ్యాటరీకి కలుపుతారు. ఆ రకం కంట్రోలర్ పలకని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. నలభై వోల్టుల దగ్గర పనిచేయాల్సిన పలక పదమూడు దగ్గర పనిచేస్తుంది. 13 ఆంపియర్లు, 13 వోల్టులు, వెరసి 170 వాట్లు. మిగతాదంతా వృథా. పెద్ద పలక పెట్టాలనుకుంటే, పలకని దాని సొంత వోల్టేజీ దగ్గరే పనిచేయనిచ్చే ఎంపీపీటీ రకం కంట్రోలర్‌కి డబ్బు పెట్టాల్సిందే. ఇక అంతా సరిగ్గా ఉండి, మధ్యాహ్నానికి పలక నుంచి కరెంటు పడిపోతే భయపడకండి. బ్యాటరీ నిండి ఉండవచ్చు. ఒక ఫ్యాను వేసి చూడండి. ఆంపియర్లు వెంటనే పెరిగితే ఏ జబ్బూ లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు చేయి పెట్టకండి. పలకల నుంచి దిగే నల్ల తీగలకి ఉండే ప్లగ్గులు సరిగ్గా నొక్కకపోతే వేడెక్కి కరుగుతాయి, కరెంటు తగ్గడానికి అదో కారణం. కరిగినట్టో, కాలిన వాసన వచ్చినట్టో అనిపిస్తే పనివాణ్ణి పిలవండి. ఎండ ఉన్నంతసేపూ పలకని ఆపే స్విచ్చు దేవుడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఆరు పలకల వరసలో మూడు వందల వోల్టుల దాకా ఉంటుంది. కరెంటు పారుతుండగా ఆ ప్లగ్గు లాగితే లేచే నిప్పు మన ఇంటి స్విచ్చులో మెరిసే నిప్పులా వెంటనే ఆరిపోదు. ముందు ఇన్వర్టర్ ఆపి, తరవాత పలకల వైపు స్విచ్చు ఆపి, ఆ పైనే ముట్టుకోవాలి. అది తెలిసినవాళ్ళ పని.

మా పిన్నికి ఆ రోజు ఒక పని అప్పజెప్పి వచ్చాను. పాలు, పేపరు లెక్కలు రాసుకునే తెలుగు క్యాలెండరు గళ్ళలోనే, రోజూ పొద్దుగుంకాక ఇన్వర్టర్ మీది యూనిట్ల అంకె రాయమని. అప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఏకాదశి నాడు 13, ముసురు పట్టిన నాడు 4, దుమ్ము రేగిన గాలి తరవాత 11, కడిగించాక మళ్ళీ 13. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఏ యంత్రం చదువూ లేకుండా, ఈ పాటికి తన డాబా గురించి నాకంటే ఎక్కువ చెప్పగలదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. దక్షిణం వైపు పక్కింటివాళ్ళు పైన గది వేస్తున్నారట. "గోడ మన డాబా మీదికి ఎంత ఎత్తు లేస్తే నీడ నా పలకల మీద పడుతుందిరా?" అంది. పదడుగులు లేస్తే డిసెంబరులో మిట్టమధ్యాహ్నం నీడ ఎనిమిది అడుగుల పైన, పొద్దున తొమ్మిదింటికి వాయవ్యం వైపుకి పదిహేడు అడుగుల దాకా పడుతుందని చెప్పాను. ఆ అంకెలు క్యాలెండరు అంచున రాసుకుని పక్కింటికి వెళ్ళింది. గది తూర్పుకి జరుపుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదని వాళ్ళతో మాట్లాడుతోంది. వాళ్ళూ మంచివాళ్ళే, ఇంకా మేస్త్రీ దారం పట్టలేదు. ఈ ఆదివారం సుద్దముక్క పట్టుకుని నేను మళ్ళీ సత్తెనపల్లి వెళ్తున్నాను.